పెదెర్నెరా ఎవరికి ద్రోహం చేశాడు? (మే డే సభలో ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, సంఘం పాత మిత్రులకు, కొత్తగా చేరిన పిల్లలకు, ఎండ తగ్గకముందే వచ్చి కూర్చున్న తల్లులకు నమస్కారం. షామియానా వేసిన వాళ్లకు, మైకు తెచ్చిన వాళ్లకు, మజ్జిగ పంచుతున్న కుర్రాళ్లకు కూడా. నా గురించి కార్యదర్శి చెప్పిన మాటల్లో సగం అతిశయోక్తి, మిగతా సగం పాతబడిపోయింది. శాలువా మాత్రం బాగుంది. మే నెలలో శాలువా ఎందుకు కప్పుతారో నాకు ఇన్నేళ్లయినా అర్థం కాలేదు.

కరపత్రంలో నా పేరు పక్కన ‘కార్మిక హక్కులు - నేటి సవాళ్లు’ అని వేశారు. నాకన్నా ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ సవాళ్లన్నీ చెప్పేశారు. నేను 1949లో కొలంబియా దేశంలో జరిగిన ఫుట్‌బాల్ లీగ్ గురించి మాట్లాడతాను. నవ్వండి, పరవాలేదు. మన జూట్ మిల్లుకు ఒకప్పుడు ఫుట్‌బాల్ జట్టు ఉండేదని ఇక్కడ ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ఏడుగురు. సరే, ఆ ఏడుగురి కోసమే మాట్లాడతాను, మిగతావాళ్లు మజ్జిగ తాగుతూ వినండి.

కథ కొలంబియాలో మొదలు కాదు, అర్జెంటీనాలో మొదలవుతుంది. అక్కడి ఆటగాళ్లు 1944లో సంఘం పెట్టుకున్నారు. 1948 నవంబరులో సమ్మెకు దిగారు. ఏమి అడిగారు? సంఘాన్ని గుర్తించమన్నారు. కనీస వేతనం ఇమ్మన్నారు. కాంట్రాక్టు ముగిశాక నచ్చిన చోటికి వెళ్లనివ్వమన్నారు. ఈ మూడో కోరిక పిల్లలకు విడమరిచి చెప్పాలి. ఆ రోజుల్లో కాంట్రాక్టు ముగిసినా ఆటగాడి కాగితం క్లబ్బు బీరువాలోనే ఉండేది. క్లబ్బు ఒప్పుకుంటే తప్ప అతడు మరొకరి కోసం బంతి తన్నడానికి వీల్లేదు. క్లబ్బు అతణ్ణి అమ్ముకోవచ్చు, ఆ డబ్బు క్లబ్బుదే. సంతలో ఎద్దును అమ్మితే డబ్బు ఎద్దుకు ఇస్తారా?

సమ్మెలో ముందు నిలబడ్డ వాళ్లలో అడోల్ఫో పెదెర్నెరా ఒకడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. రివర్ ప్లేట్ క్లబ్బులో ముందు వరుసన ఆడే అయిదుగురిని జనం ‘యంత్రం’ అని పిలిచేవారు. ఆ యంత్రానికి ఇరుసు ఇతడే. అలాంటివాణ్ణి 1947లో రివర్ ప్లేట్ వాళ్లు అట్లాంటా అనే చిన్న క్లబ్బుకు అమ్మేశారు. ఆ ఏడాదే అట్లాంటా కింది డివిజన్‌కు పడిపోయింది. అక్కడి నుంచి హురాకాన్ క్లబ్బుకు వెళ్లాడు. అర్జెంటీనా ఫుట్‌బాల్‌కు తలమానికం అనదగ్గ మనిషి రెండేళ్లలో మూడు చొక్కాలు మార్చాల్సి వచ్చింది.

సమ్మె జరుగుతుంటే క్లబ్బులు ఏమి చేశాయో మీరు ఊహించగలరు. జీతం లేని కుర్రాళ్లను దింపి సీజను ముగించాయి. మన మిల్లులో బదిలీ కార్మికులను పెట్టి మగ్గాలు తిప్పించినట్టే. ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. ఆకలి వాళ్లకూ ఉంటుంది. 1949లో రాజీ కుదిరింది. సంఘానికి గుర్తింపు వచ్చింది. దాంతోపాటు ఏ ఆటగాడికీ నెలకు 1,500 పెసోలకు మించి ఇవ్వకూడదని జీతానికి మూత కూడా వచ్చింది. కుడి చేత్తో ఇచ్చారు, ఎడమ చేత్తో పట్టుకున్నారు.

మన 1984 సమ్మె గుర్తుందా? 71 రోజులు. మనకూ గుర్తింపు వచ్చింది. దాంతోపాటు ఒక్కొక్కరు చూసుకోవాల్సిన మగ్గాల సంఖ్యా పెరిగింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. రాకుండా తప్పించుకుందామనే చూస్తున్నాను, కానీ వస్తాను.

ఇక కొలంబియా. 1948 ఏప్రిల్ 9న రాజధాని బొగోటా నడివీధిలో హోర్హె ఎలియేసెర్ గైతాన్ అనే ప్రజానాయకుణ్ణి కాల్చి చంపారు. నగరం తగలబడింది. తర్వాత పదేళ్ల పాటు పల్లెల్లో జరిగిన మారణకాండలో సుమారు 2 లక్షల మంది పోయారని చరిత్రకారుల అంచనా. గైతాన్ చనిపోయిన నాలుగు నెలలకు, ఆగస్టులో, ఆ దేశపు తొలి వృత్తి ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. జనం దృష్టి మళ్లడం ప్రభుత్వానికి కావలసిందే. ఆ మాట మరచిపోయి ఈ కథను అద్భుతం అనుకోకూడదు. అద్భుతమే, కానీ దాని పునాది బూడిద మీద వేశారు.

లీగ్ నడిపే సంస్థ పేరు డిమయోర్. అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా గుర్తించినది మాత్రం అక్కడి పాత అమెచ్యూర్ సంఘాన్ని. ఇద్దరికీ చెడింది. కొలంబియా ఫిఫా నీడలోంచి బయటపడింది. అందరూ దాన్ని శిక్ష అనుకున్నారు. ఒక మనిషి మాత్రం దాన్ని తిప్పి చదివాడు. మిల్యోనారియోస్ క్లబ్బు అధ్యక్షుడు అల్ఫోన్సో సీనియర్. మనం ఫిఫాలో లేము కదా, అయితే ఫిఫా నియమాలు మనకెందుకు, ఆటగాడి కోసం అతని పాత క్లబ్బుకు బదిలీ రుసుము ఎందుకు కట్టాలి, ఆ డబ్బేదో ఆటగాడికే ఇద్దాం! ఇదీ లెక్క. మిల్యోనారియోస్ అంటే లక్షాధికారులు అని అర్థం. ఎర్రజెండా కింద నిలబడి లక్షాధికారుల జట్టును మెచ్చుకుంటున్నందుకు నన్ను సంఘం నుంచి తీసేయకండి.

సీనియర్ తన కోచ్ కార్లోస్ అల్దాబేను బ్యూనస్ ఎయిరెస్ పంపాడు. ఒక పెద్ద ఆటగాణ్ణి పట్టుకురమ్మన్నాడు. 1949 జూన్‌లో అల్దాబే తీసుకొచ్చిన మనిషి పెదెర్నెరా.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఈ ఘట్టం నేను మా మనవడికి కనీసం పదిసార్లు చెప్పాను, వాడిప్పుడు నేను నోరు తెరవగానే లేచిపోతున్నాడు. మీరు లేవలేరు, గేటు దగ్గర మనవాళ్లున్నారు. పెదెర్నెరాను బొగోటాలోని ఎల్ కాంపిన్ మైదానానికి తీసుకొచ్చి జనానికి చూపించారు. ఆడలేదు. అతడు నడిచాడు, చెయ్యి ఊపాడు. అంతే. ముప్పై ఏళ్ల మనిషిని చూడడానికి మైదానం కిక్కిరిసింది. ఆ ఒక్క రోజు టికెట్ల డబ్బు మామూలు మ్యాచ్‌కు వచ్చేదానికి ఎన్నో రెట్లు. అధికారులు డబ్బు లెక్కపెట్టుకుని అల్దాబేను వెంటనే మళ్లీ బయలుదేరమన్నారు.

ఆలోచించండి. ఊరికే నడిచాడు! తన దేశంలో 1,500 పెసోలకు మించి విలువ లేదని క్లబ్బులన్నీ కూర్చుని తేల్చిన మనిషి, పక్క దేశంలో ఊరికే నడిస్తే క్లబ్బు పెట్టె నిండింది. ఆ తేడా ఇన్నాళ్లూ ఎవరి జేబులోకి పోయింది? మన శ్రమ విలువ ఎంతో మనకు ఎప్పుడు తెలుస్తుంది? గేటు దాటి మరో గేటు ముందు నిలబడినప్పుడు. ఊరికే నడిచాడు మహాప్రభో!

తర్వాత ఆగస్టులో పెదెర్నెరా మాట మీద ఆల్ఫ్రెడో డి స్టెఫానో, నెస్టర్ రోసి వచ్చారు. రివర్ ప్లేట్‌లో పెదెర్నెరా ఖాళీ చేసిన చోటే డి స్టెఫానో నిలదొక్కుకున్నాడు. 1947లో 27 గోల్స్ కొట్టాడు. కొలంబియా వచ్చేనాటికి ఇరవై మూడేళ్ల కుర్రాడు. వీళ్లను చూసి మిగతా క్లబ్బులు ఊరుకుంటాయా? డిపోర్టివో కాలీ పెరూ నుంచి తెచ్చుకుంది. మరికొన్నాళ్లకు కూకుటా క్లబ్బు ఉరుగ్వే నుంచి తెచ్చుకుంది. వాళ్లలో 1950 ప్రపంచ కప్పు గెలిచినవాళ్లూ ఉన్నారు. ఈ కాలాన్ని అక్కడ ఇప్పటికీ ‘ఎల్ డొరాడో’ అంటారు. పాత కథల్లోని బంగారు నగరం పేరు.

ఆ 1949 సీజనులో 14 జట్లు. ఒక్కొక్కరికి 26 మ్యాచ్‌లు. మిల్యోనారియోస్ తరఫున పెద్రో కబిల్యోన్ అనే అర్జెంటీనా ఆటగాడు 42 గోల్స్ కొట్టాడు. చరిత్ర డి స్టెఫానోను గుర్తుపెట్టుకుంది, 42 కొట్టినవాణ్ణి మరిచిపోయింది. అది వేరే ఉపన్యాసం. చివరికి మిల్యోనారియోస్, డిపోర్టివో కాలీ సమానమైన పాయింట్లతో నిలిచాయి. టైటిల్ కోసం మళ్లీ రెండు మ్యాచ్‌లు ఆడారు. మిల్యోనారియోస్ గెలిచింది. ఆ జట్టు ఆట ఎంత తేలికగా ఉండేదంటే, అయిదు గోల్స్ కొట్టాక ఇక కొట్టేవాళ్లు కాదట. ప్రత్యర్థిని ఇంకా అవమానించకుండా, బంతిని ఒకరికొకరు ఇచ్చుకుంటూ మిగతా సమయం ఆడుకునేవారు. ‘అయిదు, ఆ పైన నాట్యం’ అని దానికి పేరు. గెలిచినవాడికి ఆ మర్యాద ఉండడం నాకు నచ్చుతుంది. మన సమ్మె గెలిచాక నాకు ఆ మర్యాద లేకపోయింది.

చీటీ వచ్చింది. ‘అయిదు నిమిషాలు’ అట. అయితే ఇంగ్లండు సంగతి గబగబా. అక్కడా అప్పుడు ఆటగాడికి వారానికి 12 పౌండ్లకు మించి ఇవ్వకూడదని నియమం. 1950లో నీల్ ఫ్రాంక్లిన్ అనే ఇంగ్లండు జట్టు డిఫెండరు ప్రపంచ కప్పు వదులుకుని బొగోటా వెళ్లాడు. రెండు నెలలకే తిరిగొచ్చాడు. నిషేధించారు, మళ్లీ ఇంగ్లండుకు ఆడనివ్వలేదు. మాంచెస్టర్ యునైటెడ్ నుంచి వెళ్లిన చార్లీ మిటెన్ సీజనంతా ఆడి వచ్చాడు. అతనికి జరిమానా, ఆరు నెలల నిషేధం, ‘బొగోటా బందిపోటు’ అని బిరుదు. బందిపోటు! జీతం ఎక్కువ ఇచ్చే చోటికి వెళ్లినవాడు బందిపోటు. ఆ జీతపు మూత తీయించడానికి ఇంగ్లండు ఆటగాళ్లు 1961 దాకా పోరాడాల్సి వచ్చింది.

కొలంబియా యజమానులు ధర్మప్రభువులేమీ కారు. 1951లో లీమా నగరంలో ఒప్పందం రాసుకున్నారు. ఫిఫా వాళ్లను తిరిగి చేర్చుకుంటుంది, బదులుగా 1954 అక్టోబరు కల్లా తెచ్చుకున్న ఆటగాళ్లను పాత క్లబ్బులకు అప్పగించాలి. అరువు తెచ్చుకున్న నిచ్చెన తిరిగి ఇచ్చినట్టు. అందుకే 1953లో డి స్టెఫానో స్పెయిన్ వెళ్లేటప్పుడు బార్సిలోనా రివర్ ప్లేట్‌తో, రియల్ మాడ్రిడ్ మిల్యోనారియోస్‌తో బేరమాడాయి. ఒకే మనిషికి ఇద్దరు యజమానులు. చివరికి స్పెయిన్ ఫుట్‌బాల్ పెద్దలు, ఒక సీజను ఇక్కడ, ఒక సీజను అక్కడ ఆడమన్నారు. బార్సిలోనా విసుగెత్తి వదులుకుంది. ఇక విదేశీయుల మెరుపులో స్థానిక కుర్రాళ్లు ఎంతమంది బెంచీ మీద కూర్చున్నారో. అయినా మిల్యోనారియోస్ జట్టులో ఆడిన ఫ్రాన్సిస్కో జులుఆగా అనే కొలంబియా కుర్రాడే 1962 ప్రపంచ కప్పులో ఆ దేశం తరఫున మొట్టమొదటి గోల్ కొట్టాడు. ఇవన్నీ చెప్పకపోతే నేను వ్యాపారుల తరఫున మాట్లాడినట్టవుతుంది.

నా ప్రశ్న పెదెర్నెరా గురించి. సమ్మెకు ముందు నిలబడినవాడు, రాజీ అయిన కొద్ది వారాలకే విమానం ఎక్కాడు. బ్యూనస్ ఎయిరెస్‌లో ఎవరైనా గేటు మీటింగు పెట్టి ‘అమ్ముడుపోయాడు’ అని అరిచారా? అరిచే ఉంటారు. నాకు తెలుసు, ఎందుకంటే ఆ అరిచినవాణ్ణి నేనే.

1984లో మన సంఘం కార్యదర్శి ఎవరో ఆ ఏడుగురికీ తెలుసు. పేరు చెప్పను. మిల్లు జట్టులో లెఫ్ట్ హాఫ్. 71 రోజుల్లో ఒక్క రోజు కూడా గేటు దగ్గర లేకుండా లేడు. రాజీ అయిన నెలకు మస్కట్ నుంచి ఫిట్టరు ఉద్యోగానికి వీసా వచ్చింది. వెళ్లాడు. ఆ ఆదివారం గేటు మీటింగులో నేను మైకు పట్టుకుని అతను అమ్ముడుపోయాడన్నాను. ఎన్ని రియాళ్లకు అని కూడా అడిగాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో ఆయన భార్య రోడ్డు అవతల నిలబడి ఉంది, చేతిలో కూరల సంచి. అంతకుముందు నన్ను ‘అన్నయ్యా’ అని పిలిచేది. ఆ తర్వాత పిలవలేదు.

అక్కడితో అయిపోలేదు. మస్కట్ నుంచి అతను వరుసగా మూడేళ్లు సంఘం సభ్యత్వ రుసుము డ్రాఫ్టు తీసి పంపాడు. దాంతోపాటు ఒక చిన్న ఉత్తరం, అందరి క్షేమం అడుగుతూ. మూడు డ్రాఫ్టులూ నేనే తిప్పి పంపాను. కమిటీలో పెట్టలేదు, ఎవరినీ అడగలేదు. ఈ సంగతి ఇవాళ్టి దాకా మీలో ఎవరికీ తెలియదు. కాంట్రాక్టు ముగిశాక నచ్చిన చోటికి వెళ్లే హక్కు కోసమే అర్జెంటీనా వాళ్లు సమ్మె చేశారు. పెదెర్నెరా ఆ హక్కు వాడుకున్నాడు. నా మిత్రుడూ అంతే చేశాడు. క్లబ్బు యజమాని బీరువాలో కాగితం దాచుకున్నట్టు, నేను సంఘం పుస్తకంలోంచి అతని పేరు కొట్టేసి కూర్చున్నాను.

ఇంకో చీటీ వద్దు నాయనా, అయిపోయింది. అతను తిరిగొచ్చి పాతికేళ్లయింది. ఈ ఊళ్లోనే ఉన్నాడు, చెరువు గట్టు వీధిలో. మోకాళ్లు అరిగిపోయి బయటకు రావడం లేదట. కోశాధికారి గారూ, ఈ ఏడాది రసీదు పుస్తకం ఒకటి నాకివ్వండి. రేపు పొద్దున్నే వాళ్లింటికి తీసుకెళ్తాను. కడితే కడతాడు, లేకపోతే లేదు. చేతులెత్తిన ఏడుగురిలో ఎవరైనా ఒకరు నాతో రండి. తలుపు ఆవిడ తీస్తుంది. ఒక్కణ్ణే వెళ్లడానికి నాకు ధైర్యం చాలడం లేదు.