పక్కవాళ్లు పెట్టిన పేరు

శ్రోతలందరికీ నమస్కారం.

"మీరు క్రైస్తవులా?" అని ఎవరైనా అడిగితే అవుననడానికి నాకు ఒకప్పుడు అరక్షణం కూడా పట్టేది కాదు. బాప్తిస్మం తీసుకున్నాను, ఆదివారం ఆరాధన మానను, పొద్దున్నే వాక్యం చదువుకుంటాను. ఇంకేం కావాలి? కానీ ఆ పేరు ఎక్కడ పుట్టిందో శ్రద్ధగా చదివాక, ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అసలు నేనేనా అన్న అనుమానం పట్టుకుంది. ఇవాళ ఆ సంగతే మీతో పంచుకుంటాను.

కొత్త నిబంధన మొత్తం వెతికినా "క్రైస్తవుడు" అనే మాట మూడే మూడు చోట్ల కనిపిస్తుంది. అపొస్తలుల కార్యాల్లో రెండుసార్లు, పేతురు రాసిన మొదటి పత్రికలో ఒకసారి. సువార్తల్లో అసలు లేదు. తొలినాటి శిష్యులు ఒకరినొకరు సహోదరులనీ, విశ్వాసులనీ, పరిశుద్ధులనీ పిలుచుకున్నారు. వాళ్లను మొట్టమొదట క్రైస్తవులన్నది అంతియొకయలో. ఇప్పటి టర్కీలో అంతాక్యా అంటారే, ఆ ఊరు. ఇది బయటివాళ్లు తగిలించిన పేరేనని చాలామంది బైబిలు పండితులు అంటారు. నాకూ అదే నిజమనిపిస్తుంది. ఊళ్లో జనం ఈ మనుషులను చూశారు, ఏమని పిలవాలో తెలియలేదు, ఎప్పుడూ క్రీస్తు క్రీస్తు అంటున్నారు కదా అని క్రీస్తువాళ్లు అన్నారు.

అంతగా చూడటానికి అక్కడ ఏముంది? అపొస్తలుల కార్యాలు పదమూడో అధ్యాయం మొదటి వచనంలో ఆ సంఘపు పెద్దల పేర్లున్నాయి. మనం గబగబా చదివేసి ముందుకు పోతాం. ఒక్కసారి నింపాదిగా చూడండి. బర్నబా కుప్రలో, అంటే ఇప్పటి సైప్రస్‌లో, పుట్టిన లేవీయుడు, దేవాలయ సేవ చేసే వంశంవాడు. సుమెయోనుకు నీగెరు అని మరో పేరు. లాటిన్‌లో ఆ మాటకు నలుపు అని అర్థం. లూకియ కురేనేవాడు, అంటే ఇప్పటి లిబియా ప్రాంతం మనిషి. మనయేను హేరోదు రాజుతో కలిసి పెరిగినవాడు, రాచకుటుంబపు గాలి తగిలినవాడు. చివర సౌలు. విశ్వాసులను ఇళ్లలోంచి ఈడ్చుకెళ్లి చెరసాలలో వేయించిన ఆ సౌలే! ఈ ఐదుగురూ ఒక్కచోట చేరి ప్రార్థన చేస్తున్నారు. పెద్ద కరువు వస్తుందని తెలియగానే, ఎక్కడో యెరూషలేము చుట్టుపక్కల యూదయలో ఉన్న సహోదరులకు ఆ సంఘంలో ఎవరి శక్తికొద్దీ వాళ్లు సొమ్ము పోగుచేసి పంపారు. ఊరు చూసింది ఇదీ.

మరో అరవై డెబ్భై ఏళ్లకు, దాదాపు క్రీస్తు శకం 112లో, నల్లసముద్రం ఒడ్డున బితూనియ ప్రాంతాన్ని ఏలుతున్న ప్లినీ అనే రోమా అధికారి ట్రాజన్ చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవులను ఏం చేయమంటారు అని అడుగుతూ రాసిన ఉత్తరం. ఆయనకు వాళ్లమీద ఏ అభిమానమూ లేదు. విచారణలో తేలింది రాశాడంతే. ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారట. క్రీస్తును దేవుడిగా ఎంచి కీర్తన పాడతారట. తర్వాత ప్రమాణం చేస్తారట: దొంగతనం చేయం, దోచుకోం, వ్యభిచరించం, ఇచ్చిన మాట తప్పం, నమ్మి మా దగ్గర దాచిన సొమ్ము అడిగితే లేదనం.

ఆ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నమ్మి దాచిన సొమ్ము! కాగితం ఉండదు, సాక్షి ఉండడు. ఊరెళ్తూ పక్కింటివాడు మూట చేతిలో పెడతాడు. తిరిగొచ్చి అడిగినప్పుడు "ఏ మూట?" అంటే అతను చేయగలిగింది ఏమీ లేదు. తొలి క్రైస్తవుల ఆరాధన వచ్చి ఆగింది అక్కడ, పక్కింటివాడి మూట దగ్గర.

అయితే ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మంచి నడవడి ఉంటే చాలు క్రైస్తవుడే అందామా అంటే, క్రీస్తును ఎరగనివాళ్లలోనూ మాట తప్పనివాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లను చూసి నేను తలవంచుకున్న రోజులున్నాయి. మరి తేడా ఎక్కడ? జక్కయ్య కథ చూడండి. యెరికోలో సుంకరులకు, అంటే పన్నులు వసూలు చేసేవాళ్లకు, పెద్ద. జనాన్ని పీడించి సంపాదించినవాడు. మేడిచెట్టెక్కి ఆకుల మధ్యనుంచి తొంగి చూస్తున్నాడు. యేసు ఆ చెట్టు కింద ఆగి, పేరు పెట్టి పిలిచి, ఇవాళ నేను మీ ఇంట్లో ఉండాలి అన్నాడు. ముందు మారు, తర్వాత వస్తాను అనలేదు. ఏ షరతూ పెట్టలేదు. ఆ తర్వాతే జక్కయ్య లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకిస్తాను, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగంతలు తిరిగిస్తాను అన్నాడు. తప్పు ఒప్పుకుని తిరిగిచ్చేవాడు అసలుకు ఐదోవంతు కలిపితే చాలునని సంఖ్యాకాండంలో ఉంది. నాలుగంతలు అతణ్ణి ఎవరూ అడగలేదు. క్షమాపణ ముందు గడప దాటి లోపలికొచ్చింది, డబ్బు సంచి దాని వెనకాలే తెరుచుకుంది. ఈ వరుస తారుమారైతే మిగిలేది భయం, లేదంటే గర్వం.

పేతురు ఇబ్బంది కూడా ఇక్కడే. ఆఖరి భోజనం వేళ యేసు పైవస్త్రం తీసి పక్కన పెట్టి, నడుముకు తువ్వాలు చుట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి ఒక్కొక్కరి కాళ్లు కడుగుతున్నాడు. దుమ్ము దారుల్లో నడిచొచ్చిన కాళ్లు. నా కాళ్లు నువ్వెన్నడూ కడగకూడదు అన్నాడు పేతురు. కడగనివ్వకపోతే నాతో నీకు భాగం లేదన్నాడు యేసు. సేవ చేయమంటే మనం ఉత్సాహంగా లేస్తాం. మన మురికి కాళ్లు ఇంకొకరి చేతుల్లో పెట్టమంటేనే ప్రాణం ఒప్పుకోదు. అన్నట్టు, యేసును పట్టించబోతున్న శిష్యుడు యూదా అప్పటికింకా బయటికి వెళ్లలేదు. తనను అప్పగించేది ఎవరో యేసుకు తెలుసు. తెలిసీ, కడగవలసిన కాళ్లలోంచి ఆ రెండు కాళ్లను తప్పించలేదు.

ఇక నన్ను పట్టుకుని ఊపేసిన వచనం చెప్తాను. కొండమీద ప్రసంగంలో యేసు అంటాడు: బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తుండగా, నీ సహోదరుడికి నీమీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడు. ఆ మాట అన్నది గలిలయలో. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మధ్య దూరం వంద కిలోమీటర్ల పైమాటే, కాలినడకన మూడు నాలుగు రోజులు. అంటే అర్పణ వదిలి ఇంటికి నడవాలి, సహోదరుడి తలుపు తట్టాలి, మళ్లీ అంత దూరమూ తిరిగి రావాలి. పైగా నీకు అతనిమీద కోపముంటే అనలేదు, అతనికి నీమీద ఉంటే అన్నాడు.

మా అన్నయ్యకు నామీద ఉంది. ఆస్తి పంపకాలప్పుడు పదిమందిలో నేను విసిరిన ఒక మాట. రెండేళ్లుగా మా మధ్య పలకరింపులు లేవు. ఆ రెండేళ్లూ నేను ఒక్క ఆదివారం కూడా ఆరాధన మానలేదు. నన్ను క్రైస్తవుడని ఎవరైనా చెప్పాలంటే ముందుగా చెప్పాల్సింది ఆయన కదా!

నేను నడవాల్సిన దూరం ఏమీ లేదు, ఫోన్ చేతిలోనే ఉంది. అయినా నంబరు నొక్కడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు రాత్రి చేశాను. అవతల ఫోన్ ఎత్తారు. ఏమీ మాట్లాడలేదు.

"అన్నయ్యా, నేను. ఆ రోజు నేనన్న మాట తప్పు. నన్ను క్షమించు" అన్నాను.

చాలాసేపు ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత గొంతు సవరించుకుని అన్నాడు.

"ఏరా, ఒంట్లో బాగుంటోందా?"