ఆయాసం వచ్చినా నడవొచ్చు

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఇందాక మెట్లెక్కి వచ్చి, రెయిలింగ్ మీద చేతులు ఆనించి కాసేపు నిలబడ్డారు. నన్ను చూసి మొహమాటపడ్డారు కూడా. మొహమాటం ఎందుకండీ, ఆయన చేసింది సరైన పని! కొంచెం ముందుకు వంగి చేతులు ఆనిస్తే మెడ, భుజాల కండరాలు కూడా ఊపిరికి సాయపడతాయి.

సీఓపీడీలో, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బులో, గాలి లోపలికి వెళ్లడం కంటే బయటికి రావడమే పెద్ద కష్టం. గబగబా నడిస్తే పాత గాలి పూర్తిగా పోకముందే కొత్తది పీలుస్తాం. అది లోపలే పేరుకుని ఛాతీ బిగిసిపోతుంది. అందుకే ముక్కుతో పీల్చి, వేడి టీ ఊదుకున్నట్టు పెదాలు సున్నా చుట్టి నెమ్మదిగా వదలమంటాం. రెండు అడుగులకు పీల్చడం, నాలుగు అడుగులకు వదలడం. మెట్టెక్కేటప్పుడు ఊపిరి వదులుతూ ఎక్కాలి. చాలామంది బిగబట్టి ఎక్కుతారు, అక్కడే దెబ్బతింటారు.

"నువ్వు కూర్చో నాన్నా, నీళ్లు నేను తెస్తా" అంటారు ఇంట్లోవాళ్లు. ప్రేమే, కాదనను. కానీ కదలకపోతే తొడల కండ కరుగుతుంది. బలం తగ్గిన కాళ్లకు అదే నాలుగడుగులకు ఇంకా ఎక్కువ ఊపిరి కావాలి. బీడీలు తాగినవాళ్లకే కాదు, కట్టెల పొయ్యి ఊదీ ఊదీ ఈ జబ్బు తెచ్చుకున్న అమ్మలకూ ఇదే మాట. ఇంటిపని చేస్తున్నాంగా అంటారు వాళ్లు. చేస్తున్నారు, నిజమే. కానీ ఆ పని మీ ఊపిరి చూసుకుని ఆగదు కదా!

ఎంత ఆయాసం వరకు పరవాలేదు? సున్నా నుంచి పది దాకా లెక్కేసుకుంటే మూడు, నాలుగు దగ్గర ఉండాలి. చిన్న చిన్న మాటలు చెప్పగలగాలి. పాట పాడగలిగితే మాత్రం ఇంకొంచెం వేగం పెంచొచ్చు.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ వస్తే వెంటనే ఆగిపోండి. మీ డాక్టరు వేరే అంకె చెప్పి ఉంటే తప్ప, వేలికి పెట్టుకుని రక్తంలో ఆక్సిజన్ చూసుకునే ఆక్సీమీటర్ 88 శాతం కంటే కిందకు దిగినా ఆగాల్సిందే. వేలికి గోళ్లరంగు, గోరింటాకు ఉంటే అది తప్పు చూపించవచ్చు. జ్వరమొచ్చినా, కళ్లె రంగు మారినా వ్యాయామం పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకోండి. నడకకు ముందు ఇన్‌హేలర్ వాడమని ఆయన చెప్పి ఉంటే, ఓ పావుగంట ముందే తీసుకోండి.

చలికాలం తెల్లవారుజామున ఐదింటికి మంచులో, పొగలో నడక వద్దు. ఎండ వచ్చాక వెళ్లండి. భోగి నాడైతే మంటలకు దూరంగా ఉండండి. పిల్లలు పిలిచినా సరే.

ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల పునరావాస శిక్షణ సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, వారానికి రెండు మూడు సార్లు ఉంటుంది. దగ్గర్లో ఉంటే చేరండి. ముందు ఆరు నిమిషాలు నడిపించి, మీ శక్తిని బట్టి మొదలుపెడతారు.

ఇప్పుడు కుర్చీలోంచి లేచి కూర్చుందాం. ఊదుతూ లేవాలి. పది సార్లు వద్దు, ఐదు చాలు. ఇన్‌హేలర్ జేబులో ఉందో లేదో ముందు ఒకసారి తడిమి చూసుకోండి.