పాలు చాలడం లేదా? ముందు తడి గుడ్డలు లెక్కపెట్టండి

శ్రోతలకు నమస్కారం.

చంటిబిడ్డల తల్లుల నోట తరచూ వినే మాట ఒకటుంది. "మొన్నటిదాకా బాగానే ఉందండీ. తాగేది, పడుకునేది. రెండు రోజుల నుంచి ఒకటే పేచీ. అరగంటకోసారి పాలు కావాలంటోంది. రాత్రి నిద్ర లేదు. నాకు పాలు తగ్గిపోయాయేమో!" కొందరికి బిడ్డ పుట్టిన మూడో వారంలో వస్తుంది ఈ అనుమానం, కొందరికి ఆరో వారంలో, కొందరికి నాలుగో నెలలో. ఎప్పుడొచ్చినా చివరి మాట అదే. పాలు తగ్గిపోయాయేమో. ఈ కాస్త సమయంలో ఆ ఒక్క అనుమానం గురించే మాట్లాడతాను.

ముందు ఒక పరిశోధన సంగతి చెప్పాలి. నాకు చాలా ఇష్టమైనది. పశ్చిమ ఆస్ట్రేలియాలో చేశారు, 2006లో ప్రచురించారు. 71 మంది తల్లులు, వాళ్ల బిడ్డలు. పిల్లలందరూ నెల నుంచి ఆరు నెలల లోపు వాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, తల్లిపాలే ఆహారమైన వాళ్లు. ఎప్పుడు అడిగితే అప్పుడు తాగేవాళ్లు. ఆ తల్లులు చేసిన పని ఏమిటంటే, ఒక పగలూ ఒక రాత్రీ పాలిచ్చే ప్రతిసారీ బిడ్డను ముందోసారి తూచారు, తాగాక ఇంకోసారి తూచారు. మధ్యలో బట్టలు మార్చకూడదు. రెండు తూకాలకూ తేడా ఎంతో, బిడ్డ తాగిన పాలు అంత. వినడానికి ఎంత తేలికగా ఉందో కదా! అర్ధరాత్రి కళ్లు మూతలు పడుతుంటే బిడ్డను త్రాసు మీద పడుకోబెట్టి అంకె రాసుకోవడం ఎలా ఉంటుందో ఊహించండి. ఆ తల్లులకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

సరే, ఏం తేలింది? ఆ 24 గంటల్లో ఒక బిడ్డ 6 సార్లు తాగితే ఇంకో బిడ్డ 18 సార్లు తాగింది. సగటు 11. ఒక్కోసారి రొమ్ము పట్టినా ఏమీ తాగలేదు, ఒక్కోసారి 240 గ్రాముల దాకా తాగేశారు. రోజు మొత్తం మీద అందరికంటే తక్కువ తాగిన బిడ్డ లెక్క 478 గ్రాములు, అందరికంటే ఎక్కువ తాగిన బిడ్డ లెక్క 1356. దాదాపు మూడింతలు తేడా! అందరూ ఆరోగ్యంగా ఉన్న పిల్లలే. ఒకే తల్లికి రెండు రొమ్ముల్లోనూ సమానంగా పాలుండటం అరుదు. ఉన్న పాలన్నీ తాగేస్తారా అంటే అదీ లేదు. సగటున మూడింట రెండు వంతులు తాగి, చాలనుకుని వదిలేశారు. వీటన్నిటికంటే నాకు నచ్చింది ఇంకోటి. ఎన్నిసార్లు తాగారన్న దానికీ, రోజు మొత్తంలో తల్లికి ఎన్ని పాలు వచ్చాయన్న దానికీ సంబంధమే కనిపించలేదు. అంటే, "మాటిమాటికీ అడుగుతోంది కాబట్టి నాకు పాలు లేవు" అనుకోవడానికి ఆధారం లేదన్నమాట.

ఇక ఏ బిడ్డకైనా మూడు గంటలకోసారే పాలివ్వాలని టైంటేబుల్ రాసిచ్చేవాళ్లను ఏమనాలి? నేనైతే ఏమీ అనను. ఆ కాగితం మడిచి పక్కన పెట్టమంటాను.

మరి ఉన్నట్టుండి ఈ మార్పు ఎందుకు? తొలి రోజుల్లో పాలు పడటం ఎక్కువగా హార్మోన్ల పని. తర్వాత బిడ్డ తాగేదాన్ని బట్టి ఊరతాయి. రొమ్ము ఖాళీ అయితే పాలు త్వరగా తయారవుతాయి, నిండుగా ఉండిపోతే నెమ్మదిస్తాయి. బిడ్డ రెండు మూడు రోజులు వదలకుండా తాగిందంటే, ఇంకాస్త కావాలని అడుగుతోందన్నమాట. అడిగినప్పుడల్లా ఇస్తే చాలామందిలో కొద్ది రోజులకే సర్దుకుంటుంది. మొదటి కొన్ని వారాలు సాయంత్రమయ్యేసరికి గంటల తరబడి తాగుతూ, వదులుతూ, ఏడుస్తూ, మళ్లీ తాగుతూ ఉండటం కూడా మామూలే. తల్లికి మాత్రం ఓపిక నశించిపోతుంది. ఆ సమయంలో ఆమె పక్కన మంచినీళ్లు, తినడానికి ఏదైనా పెట్టి, మిగతా పనులు తాము చూసుకునే మనిషి ఒకరు ఇంట్లో ఉంటే అంతకంటే గొప్ప వైద్యం లేదు.

ఇందులో ఒక చిక్కుంది. సరిగ్గా అదే రోజుల్లో, అంటే ఆరు వారాలు అటూ ఇటూగా, తల్లి రొమ్ములు మెత్తబడతాయి. మునుపటి బరువు ఉండదు, పాలు వాటంతటవే కారడం తగ్గుతుంది. బిడ్డ అవసరానికీ పాలకూ లెక్క కుదిరింది కాబట్టే అలా జరుగుతుంది. కానీ ఒకవైపు బిడ్డ ఏడుపు, ఇంకోవైపు మెత్తబడిన రొమ్ము! ఏ తల్లికైనా టెన్షన్ రాదా? అప్పుడే డబ్బా మూత తెరుచుకుంటుంది. సీసాపాలు తాగి బిడ్డ హాయిగా పడుకుంటుంది. "చూశావా, ఆకలే" అంటారు అందరూ. ఆ పూట రొమ్ము నిండుగా ఉండిపోతుంది. నాలుగు పూటలు అలా గడిస్తే అప్పుడు నిజంగానే పాలు తగ్గుతాయి. డబ్బాపాలు అవసరమయ్యే బిడ్డలు ఉంటారు, అది తప్పేమీ కాదు. అవసరం లేకుండా మొదలవడమే నా బాధ.

నిద్ర గురించి రెండు మాటలు. పుట్టిన కొత్తలో పిల్లలు రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటారు, కానీ ముక్కలు ముక్కలుగా. వాళ్లకు రాత్రీ పగలూ తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నాలుగో నెల వచ్చేసరికి నిద్ర తీరు మారి, మధ్యమధ్యలో మెలకువ వచ్చేస్తుంది. పైగా ఆ వయసులో పగలు లోకం చూడటమే సరిపోతుంది వాళ్లకు. తలుపు చప్పుడైతే చాలు, రొమ్ము వదిలేసి అటు తిరుగుతారు. పగటి బాకీ రాత్రి వసూలు చేసుకుంటారు. పగలు ఒకటి రెండుసార్లు సందడి లేని గదిలో, వెలుతురు తగ్గించి పాలిచ్చి చూడండి. రాత్రి లేచినప్పుడు లైట్లు వేసి కబుర్లు పెట్టుకోకండి. పాలిచ్చాక వెల్లకిలా పడుకోబెట్టండి. ఎంత నిద్ర ముంచుకొచ్చినా బిడ్డను ఎత్తుకుని సోఫాలో మాత్రం కునుకు తీయకండి, అది ప్రమాదం.

"రాత్రంతా పడుకుంటోందా?" అని అడిగేవాళ్లకు ఒక సంగతి. 1957లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో రాత్రంతా నిద్ర అంటే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున ఐదు దాకా అని లెక్క. ఐదు గంటలు, అంతే!

మరి పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? తడి గుడ్డలు లెక్కపెట్టండి. ఎన్నిసార్లు తాగిందో వద్దు, ఎన్ని నిమిషాలు తాగిందో వద్దు, తడి గుడ్డలు లెక్కపెట్టండి. మొదటి వారం దాటాక 24 గంటల్లో కనీసం 6 తడవాలి. మూత్రం లేత రంగులో ఉండాలి. ఈ కాలపు డైపర్లు ఎంత తడినైనా పీల్చేస్తాయి, తెలియదు. అందుకని ఆ ఒక్కరోజు మామూలు గుడ్డలు కట్టండి, లేదా డైపర్ లోపల చిన్న గుడ్డ ముక్క పెట్టి చూడండి. ఆరు తడిస్తే, బరువు పెరుగుతుంటే, మెలకువగా ఉన్నప్పుడు హుషారుగా ఉంటే, పాలు చాలుతున్నట్టే. ఆరు వారాలు దాటిన పిల్లలు కొందరు కొన్ని రోజులపాటు విరేచనం చేయరు. వచ్చినప్పుడు మెత్తగా వస్తే భయం లేదు.

తడి గుడ్డలు ఆరుకు తగ్గితే, మూత్రం ముదురు రంగులో ఉంటే, బరువు పెరగకపోతే డాక్టర్‌కు చూపించండి. పాలకు కూడా లేవనంత మగతగా బిడ్డ పడి ఉన్నా, మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నమస్కారం.