హౌరా వంతెన: యాంకర్ దగ్గర అప్‌లిఫ్ట్ లెక్క

సరే, స్క్రీన్ కనిపిస్తోంది కదా. ఇవాళ హౌరా వంతెన గీతల్లో గీద్దాం, గీసి ఒక్క లెక్క చేద్దాం. ఈ చివర, ఆ చివర యాంకర్లు ఉన్నాయి చూడండి, ఇదిగో ఇక్కడ, వంతెన కొనల్ని నేలకి పట్టి ఉంచేవి. ట్రస్సు, అంటే ఉక్కు చట్రం, ఇక్కడ ఎంత బలంతో పైకి లేవబోతుంది? అదే లెక్క.

చరిత్ర చకచకా చెప్పేస్తా. 1874 నుంచీ కోల్‌కతాలో హుగ్లీ నది మీద పాంటూన్ వంతెన ఉండేది, నీళ్ల మీద తేలేది. ఓడలొస్తే తెరవాలి, అంతసేపూ బండ్లు ఆగాలి. కొత్తదానికి నదిలో స్తంభాలు వేస్తే ఒండ్రు మేట వేస్తుందని భయం. అందుకే కాంటిలీవర్, అంటే ఒడ్డున ఆధారం మీద నిలబడి నది మీదకి చేయి చాచినట్టుండేది. 1936లో పని మొదలు, 1943 ఫిబ్రవరిలో రాకపోకలు. ఉక్కు 26,500 టన్నులు, అందులో 23,000 టాటా వాళ్లదే, యుద్ధం వల్ల ఇంగ్లండు సరుకు రాలేదు మరి. నట్లూ బోల్టులూ లేవు, అన్నీ రివెట్లే.

ఇక ఆటోక్యాడ్. గీతకి ఎల్ కొట్టండి, తిన్నగా రావడానికి ఎఫ్8 ఆన్ చేయండి. టవర్ నుంచి యాంకర్ దాకా యాంకర్ ఆర్మ్ 325 అడుగులు, టవర్ నుంచి నది వైపు కాంటిలీవర్ ఆర్మ్ 468, మధ్యలో వేలాడే స్పాన్‌లో సగం 282. సగం వంతెనే గీయండి, రెండో సగం ఎంఐ కొట్టి మిర్రర్. టవర్ నుంచి టవర్‌కి 1500 రావాలి. కొంచెం తేడా వస్తే ఎఫ్3 చూడండి, స్నాప్ ఆఫ్‌లో ఉండుంటుంది. మీటర్లలోకి మార్చకండి. అసలు కొలతలు అడుగుల్లోనే, మారిస్తే అన్నీ దశాంశాలే.

ఇప్పుడు ఎక్సెల్. డెక్, అంటే రోడ్డు, దాని మీద అడుగుకి 1 టన్ను పెట్టండి. అసలు లోడు కాదు, లెక్క తేలిగ్గా ఉంటుందని. ఫార్ములాలో ఆ సెల్‌ని ఎఫ్4తో లాక్ చేసేయండి, డాలర్ గుర్తులు చేత్తో కొట్టడం విసుగు.

ఇదిగో, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నెమ్మదిగా చూద్దాం. కాంటిలీవర్ ఆర్మ్ మీద 468 టన్నులు, దాని కేంద్రం టవర్ నుంచి 234 అడుగుల్లో. గుణిస్తే 109,512. దాన్ని యాంకర్ ఆర్మ్ పొడవు 325తో భాగిస్తే యాంకర్ దగ్గర 337 టన్నులు. ఇంకేముంది, అయిపోయిందనుకుంటారు. కాలేదు! మధ్య స్పాన్ ఎక్కడ ఆనుతోంది? ఈ ఆర్మ్ కొన మీదే, ఈ హింజ్ దగ్గర, అంటే తిరగగల కీలు దగ్గర. దాని 564 టన్నుల్లో సగం, 282, ఈ కొన మీద పడుతుంది. 282 ఇంటూ 468, 131,976. రెండూ కలిపితే 241,488, భాగిస్తే 743 టన్నులు. 337 ఎక్కడ, 743 ఎక్కడ! రెట్టింపు దాటిపోయింది.

యాంకర్ ఆర్మ్ మీది డెక్ లోడు తీసేయొద్దా అంటారేమో. వద్దు. టవర్లకి అవతల రోడ్డు నేల మీద నుంచే నిలబడింది, ఆ ఆర్మ్‌కి వేలాడట్లేదు. అంటే అక్కడ లారీలు బారులు తీరినా మనకి ఒక్క కిలో సాయం లేదు. ట్రస్సు సొంత బరువు లెక్కలో మాత్రం యాంకర్ ఆర్మ్ బరువు తీసేయాలి, అది వేరే షీట్.

ఆ షీటే ఇది. కట్టేటప్పుడు పరిస్థితి. పై కార్డ్, అంటే ట్రస్సు పై అంచు, దాని మీద పాకే క్రేన్లతో రెండు ఒడ్లనుంచీ ముందుకి కట్టుకుంటూ వచ్చారు. అప్పుడు హింజ్ వదులుగా ఉంటే సగం స్పాన్ కిందికి వాలిపోతుంది, కాబట్టి తాత్కాలికంగా బిగించాలి. అంటే 468, 282 కలిసి 750 అడుగుల ఒకటే కాంటిలీవర్. ఈ సెల్‌లో 1 అంటే బిగింపు, 0 అంటే వదలడం. సొంత బరువు అడుగుకి 1 టన్ను, ఈసారి యాంకర్ ఆర్మ్‌కి కూడా. 1 పెట్టండి: 703 టన్నులు. 0 పెట్టండి: 581 టన్నులు. చూశారా, అదే బరువు, కానీ కట్టేటప్పుడే యాంకర్ మీద ఎక్కువ. పూర్తయిన వంతెనకే లెక్క చేసి ఊరుకుంటే కుదరదు.

నది మధ్యలో రెండు సగాలనీ కలపడానికి ఒక్కొక్కటి 800 టన్నుల హైడ్రాలిక్ జాక్‌లు 16 వాడారు. కలిపాక బిగింపులు వదిలితేనే అది మామూలు సింపుల్ స్పాన్, రెండు కొనల మీదా ఊరికే ఆనేది. మీ షీట్‌లో 0 పెట్టాక కూడా 703 దగ్గరే ఆగిపోతే, ఫార్ములాలో 750 నేరుగా టైప్ చేసేశారని అర్థం. దాన్ని ఆ 1, 0 సెల్‌కి లింక్ చేయండి, 581 వచ్చేస్తుంది.