బయటి వైపు గడియ

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా పలకరించడం మర్యాద. కాని నాకిచ్చిన సమయం తక్కువ, మన్నించండి.

ఇంటి గుట్టును వస్తువుగా తీసుకునే ఉత్కంఠ నవలల గురించి మాట్లాడమన్నారు. జూలియా క్రౌచ్ అనే ఇంగ్లిష్ రచయిత్రి 2013లో ఈ తరహాకు ‘డొమెస్టిక్ నువార్’ అని పేరు పెట్టారు. పేరే కొత్తది. 1848లోనే ఇంగ్లిష్ రచయిత్రి ఆన్ బ్రాంటీ ‘ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’ నవలలో, తాగుబోతు భర్తను రానివ్వకుండా పడకగదికి లోపలి నుంచి తాళం వేసుకున్న భార్యను చూపించింది. ఆ భార్య కొడుకును తీసుకుని, పేరు మార్చుకుని పారిపోతుంది. ఆన్ పోయాక, 1850లో, ఆ వస్తువును ఎంచుకోవడమే పొరపాటని రాసింది ఎవరో తెలుసా? సొంత అక్క షార్లెట్!

ఆ నవలలో తాళం లోపలి నుంచి పడింది. ఇక్కడ నా ప్రసంగం దారి తప్పుతుంది, తప్పనివ్వండి.

మా పిన్ని గదికి గడియ బయటి వైపే ఉండేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. “పిన్నీ, లోపల గడియ లేదేమిటి?” అని అడిగాను. “తలుపు సరిగా పడదు నాన్నా, బయటి నుంచి పెడితేనే ఆగుతుంది” అంది. అమ్మ నా వీపు మీద చేయి వేసి ముందుకు నడిపించింది. ఆ చేతి బరువు నాకిప్పటికీ గుర్తే. నవల మొదటి అధ్యాయంలో అలాంటి గడియ కనబడితే మీరంతా నిటారుగా కూర్చుంటారు. మా వాళ్లందరూ దాన్ని ఏళ్ల తరబడి చూశారు. దాని మీద తువ్వాలు ఆరేశారు.

అందుకే చివరి పేజీలో మలుపు కోసం మాత్రమే హింసను వాడుకునే నవలలంటే నాకు కోపం. ఇంట్లో జరిగే హింస ఎవరికీ తెలియని రహస్యం కాదండీ. తెలిసినవాళ్లు ఎప్పుడు నోరు విప్పుతారన్నదే ఉత్కంఠ. పాట్రిక్ హామిల్టన్ 1938 నాటకం ‘గ్యాస్ లైట్’ చూడండి. భర్త పై అంతస్తులో రహస్యంగా నగలు వెతుకుతూ గ్యాస్ దీపం వెలిగిస్తే, గ్యాస్ అటు పంచుకుపోయి కింద భార్య గదిలో వెలుగు తగ్గుతుంది. ఆమెకు మతి చలిస్తోందని ఆమెనే నమ్మిస్తాడు. మనిషికి తన బుద్ధి మీదే అనుమానం పుట్టించడాన్ని ‘గ్యాస్ లైటింగ్’ అనడం అక్కడి నుంచే వచ్చింది. చివరికి ఒక విశ్రాంత పోలీసు అధికారి వచ్చి ఆమె చూసింది నిజమేనని చెబుతాడు. పిన్నికి ఆ ఒక్క మాట చెప్పడానికి ఎవరూ రాలేదు. మేమంతా ఇంట్లోనే ఉన్నాం.

మీలో నవలలు రాసేవాళ్లున్నారు. మిమ్మల్ని వేడుకుంటున్నాను, ఆ తువ్వాలు ఆరేసినవాళ్లను రాయండి. ‘ఆమె ఎందుకు వెళ్లిపోలేదు’ అని అడిగే పాత్రలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

సమయం అయిందని సైగ చేస్తున్నారు. ఒక్క నిమిషం. పిన్ని పోయాక, ఇల్లు అమ్మే ముందు వెళ్లాను. గడియ తీసేశారు. స్క్రూల చిల్లులు పూడ్చి పైన రంగు వేశారు. చేత్తో తడిమితే తెలుస్తున్నాయి. తలుపు వేసి చూశాను. చక్కగా పడింది.