ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి రెండే ఛాన్సులు, సెంటర్‌కి వెళ్లే ముందు ఇది చూడండి

(కెమెరా ముందు కూర్చుని, చేతిలో రెండు కాగితాలు)

నమస్తే అండీ. ఈ రెండూ మా నాన్నవే. ఒకటి ఆధార్, ఇంకోటి బ్యాంకు పాస్‌బుక్. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌బుక్‌లో ఇంటిపేరు మొత్తం. మనిషి ఒక్కడే, కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు.

సరే, మార్పించేద్దాం అని సెంటర్‌కి వెళ్లాం. లైన్ పెద్దగా ఉంది, ఆపరేటర్ తొందరలో ఉన్నాడు, నాన్న అంతకంటే తొందరలో ఉన్నాడు, స్క్రీన్ వైపు ఎవరం చూడలేదు, ఇచ్చిన స్లిప్పు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాం. కొన్నాళ్లకి డౌన్‌లోడ్ చేసి చూస్తే ఇంటిపేరు పూర్తిగా వచ్చింది కానీ ఇంగ్లీషు స్పెల్లింగులో వెంకట చివరి 'ఏ' ఎగిరిపోయింది. తప్పు టైప్ చేసింది వాళ్లే, చూసుకోనిది మేమే, ఖర్చయింది మాత్రం నాన్న ఛాన్సు.

ఎందుకంటే పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. పుట్టిన తేదీ ఒక్కసారి, లింగం కూడా ఒక్కసారే. అడ్రస్, మొబైల్ నంబర్, ఫొటో వీటికి ఈ లెక్క లేదు. ఆ 'ఏ' కోసం నాన్న రెండో ఛాన్సు కూడా అయిపోయింది. ఇక పేరులో మళ్లీ ఏదైనా మార్చాలంటే మామూలు దారి కాదు, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ ప్రాంతీయ కార్యాలయం దాకా వెళ్లి ప్రత్యేకంగా ఒప్పించుకోవాలి.

(స్క్రీన్ మీద: ఒకే పేరు నాలుగు రకాలుగా రాసి చూపించాలి)

మనవాళ్లకి ఈ బాధ ఎక్కువ, ఎందుకో చెప్తాను. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, దాన్ని ఒకచోట పొడి అక్షరంగా రాస్తాం, ఇంకోచోట పూర్తిగా, పాన్‌లో ఏమో అది వెళ్లి చివర కూర్చుంటుంది. దానికి తోడు ఇంగ్లీషులో లక్ష్మిని ఎన్ని రకాలుగా రాస్తామో మీకు తెలుసు. కాబట్టి సెంటర్‌కి పోయి "పేరు కరెక్ట్ చేయండి" అంటే కుదరదు, ఏ కాగితంలో ఉన్నట్టు కావాలో ఇంట్లోనే తేల్చుకోవాలి.

నా పద్ధతి ఒకటుంది. మీ దగ్గరున్న కాగితాల్లో మార్చడం అన్నిటికంటే కష్టమైనది ఏదో చూడండి. చదువుకున్నవాళ్లకి అది దాదాపు ఎప్పుడూ పదో తరగతి మార్కుల మెమోనే, ఉద్యోగం అయినా పాస్‌పోర్ట్ అయినా చివరికి దాని దగ్గరికే వస్తాయి. ఆధార్‌ని దానికి తగ్గట్టు మార్చండి, అంతేగానీ ఆధార్‌లో ఉందని మెమో మార్చే పని పెట్టుకోకండి. బడికి వెళ్లని పెద్దవాళ్లకైతే డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో, అంటే పాన్, బ్యాంకు, పింఛను, పొలం పాస్‌బుక్, అక్కడ పేరు ఎలా ఉందో చూసి తేల్చుకోండి.

పుట్టిన తేదీ సంగతి. 2010 సెప్టెంబర్ 29న మహారాష్ట్రలోని తెంభ్లీ అనే ఊళ్లో మొదటి ఆధార్ ఇచ్చారు, ఆ తర్వాత ఊరూరా క్యాంపులు పెట్టారు. అప్పుడు తేదీ తెలియనివాళ్లు నోటితో వయసు చెప్పేవాళ్లు. అందుకే చాలామంది పెద్దవాళ్ల కార్డులో సంవత్సరం ఒక్కటే ఉంటుంది, ఇంకొందరిది జనవరి 1. దీనికి ఛాన్సు ఒక్కటే కాబట్టి జనన ధ్రువీకరణ పత్రం లాంటి గట్టి కాగితం చేతికొచ్చాకే వెళ్లండి. అన్నట్టు, ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అయినా ప్రతి కౌంటర్‌లోనూ ముందు అడిగేది అదే!

ఇప్పుడు చాలామందికి తెలియనిది. "మా నాన్న పేరు తప్పు పడింది, మా ఆయన పేరు ఎక్కించాలి" అని కామెంట్లలో అడుగుతుంటారు కదా, ఆధార్‌లో తండ్రి పేరు, భర్త పేరు అని విడిగా గడి లేదు. కేరాఫ్ అని వస్తుంది చూడండి, అది అడ్రస్‌లో భాగం. అంటే అది అడ్రస్ మార్పు కిందికే వస్తుంది, ఎన్నిసార్లని టెన్షన్ పడక్కర్లేదు.

అడ్రస్ ఇంట్లో కూర్చునే మైఆధార్ పోర్టల్‌లో మార్చుకోవచ్చు, ఆ అడ్రస్ ఉన్న కాగితం ఉండాలి, మొబైల్‌కి ఓటీపీ రావాలి అంతే. నంబర్ లింక్ కాకపోతే సెంటర్‌లో వేలిముద్ర వేసి ఎక్కించుకోండి, దానికి కాగితాలేవీ అడగరు. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడలి పేరు మీద ఆ ఇంటి కాగితం ఒక్కటీ ఉండదు, అలాంటప్పుడు కుటుంబ పెద్ద ఆధార్ ద్వారా మార్చుకునే పద్ధతి 2023 నుంచి ఉంది. ఈమె రిక్వెస్ట్ పెడుతుంది, ఆ పెద్ద తన లాగిన్‌లోకి వెళ్లి 30 రోజుల్లో ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే రిక్వెస్ట్ పోయినట్టే, కట్టిన డబ్బు కూడా తిరిగి రాదు. కాబట్టి ఆ పెద్దకి ఫోన్ చేసి మరీ గుర్తు చేయండి.

డబ్బులు: 2025 అక్టోబర్ 1 నుంచి పేరు, తేదీ, అడ్రస్ లాంటి వాటికి 75 రూపాయలు, ఫొటో, వేలిముద్రలకు 125. రెండూ ఒకేసారి చేయించుకుంటే 125తోనే సరిపోతుంది. పిల్లలకి 5 నుంచి 7 ఏళ్ల మధ్య, మళ్లీ 15 నుంచి 17 మధ్య చేయించాల్సిన బయోమెట్రిక్ ఉచితం.

(స్క్రీన్ మీద: స్లిప్పు నమూనా, పేరు రెండు లైన్లకీ పెద్దగా జూమ్)

సెంటర్‌లో కూర్చున్నాక ఆపరేటర్ స్క్రీన్ కాకుండా మీ వైపు తిరిగి ఇంకో స్క్రీన్ ఉంటుంది. ఫోన్ లోపల పెట్టేసి దాన్నే చూడండి. పేరు ఇంగ్లీషులో ఒక లైను, కింద తెలుగులో ఒక లైను. తెలుగు లైను ఇంగ్లీషు నుంచి సాఫ్ట్‌వేరే మార్చి పెడుతుంది, అందుకే 'ళ' ఉండాల్సినచోట 'ల' వస్తుంది, దీర్ఘం లేనిచోట దీర్ఘం వస్తుంది. అది కూడా సరిచేయించవచ్చు, అడగాలి అంతే. నేనైతే రెండోసారి వెళ్లినప్పుడు పేరు తెల్లకాగితం మీద పెద్దక్షరాల్లో రాసి ఆపరేటర్ ముందు పెట్టాను, ప్రింట్ తీశాక ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను. వెనక లైన్లో ఒకాయన విసుక్కున్నాడు, విసుక్కోనివ్వండి. సంతకం పెట్టేది అది అయ్యాకే. ఆ స్లిప్పు మీది నంబర్‌తో స్టేటస్ చూసుకోవచ్చు, మార్పు రావడానికి 90 రోజుల దాకా పట్టవచ్చంటారు.

మార్పు వచ్చాక బ్యాంకులోనూ పీఎఫ్‌లోనూ దానంతట అది మారదు, కొత్త కాపీ పట్టుకుని మీరే తిరగాలి.

ఆ కొత్త కాపీ డౌన్‌లోడ్ చేశాక పాత పాస్‌వర్డ్‌తో తెరవకండి. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పెద్దక్షరాల్లో, ఆ తర్వాత పుట్టిన సంవత్సరం, అదీ పాస్‌వర్డ్. పేరు మారితే ఆ నాలుగూ మారిపోవచ్చు. మా నాన్న అరగంటసేపు పాత పొడి అక్షరమే కొట్టి కొట్టి, ఇదీ పాడైపోయిందిరా అని నా ల్యాప్‌టాప్‌ని తిట్టాడు.