నార్సిసా విట్‌మన్: ఉత్తరాల్లో ఒకరు, పురాణంలో మరొకరు

[తెరపై: అమెరికా పటం. న్యూయార్క్ నుంచి పడమటికి ఒక ఎర్ర గీత సాగుతుంది]

1836 జూలై 4. రాకీ పర్వతాల్లోని సౌత్ పాస్ కనుమను ఇద్దరు స్త్రీలు దాటారు. ఒకరు నార్సిసా విట్‌మన్, రెండోవారు ఎలైజా స్పాల్డింగ్. తెల్లజాతి స్త్రీలు ఆ కొండలు దాటడం అదే మొదటిసారి. పెళ్లాం బిడ్డలతో పడమటికి తరలిపోవచ్చని ఎందరికో ధైర్యం వచ్చింది వీరిని చూసే.

నార్సిసాకు అప్పుడు 28 ఏళ్లు. పెళ్లయి అయిదు నెలలైనా కాలేదు. భర్త మార్కస్ డాక్టరు, మత ప్రచారకుడు. పెళ్లికాని స్త్రీలను అంత దూరం పంపడం మిషన్ బోర్డుకు, అంటే వారిని పంపిన క్రైస్తవ మత ప్రచార సంఘానికి, ఇష్టం లేదు కాబట్టి, ఆ పెళ్లిలో ప్రేమ ఎంతో, పని ఎంతో చెప్పడం కష్టం.

దారిలో ఆమె ఇంటికి రాసిన ఉత్తరాలు చదివితే ముచ్చటేస్తుంది. చెట్టూచేమా లేని మైదానాల్లో వంటచెరకు ఏమిటో తెలుసా? ఎండిన అడవిదున్న పేడ. బాగానే మండుతోందని, పెన్సిల్వేనియా బొగ్గులాగే ఉందని రాసింది. మనకు పిడకలు కొత్త కాదు గానీ, న్యూయార్క్‌లో ఆ ఉత్తరం చదివినవాళ్లు ముఖం చిట్లించే ఉంటారు.

[తెరపై: నది ఒడ్డున మట్టి ఇటుకల ఇల్లు, చిత్రకారుడి ఊహ]

నేటి వాషింగ్టన్ రాష్ట్రంలో, వాలా వాలా పట్టణం దగ్గర, కయూస్ అనే ఆదివాసీ తెగవారి నేలపై వాళ్లు మిషన్ (మత ప్రచార కేంద్రం) కట్టుకున్నారు. 1837లో కూతురు ఆలిస్ పుట్టింది. మా నేలపై పుట్టింది కాబట్టి మా పిల్లే అని కయూస్‌లు మురిసిపోయారు. రెండేళ్ల తర్వాత ఆ పసిపాప రెండు కప్పులు పట్టుకుని నీళ్లకని నదికి వెళ్లింది. కప్పులు నీటిపై తేలుతూ కనిపించాయి. నదిలోకి దిగి పాపను పైకి తెచ్చింది ఒక కయూస్ వృద్ధుడు.

ముచ్చటైన ఉత్తరాలు రాసిన అదే చేతితో నార్సిసా 1840లో రాసిన ఉత్తరం ఇంకొకటి ఉంది. వంటింట్లో ఎప్పుడూ నలుగురైదుగురు కయూస్‌లు నిండి ఉంటారని, వాళ్లు మురికివాళ్లని, వెళ్లాక ఇల్లంతా కడుక్కోవలసి వస్తోందని విసుక్కుంది. కొత్త ఇంట్లో వారికి ఒక గది కేటాయించి, మిగతా గదుల్లోకి రానివ్వకూడదని తీర్మానించింది. మేం వచ్చింది వాళ్లను పైకి తేవడానికే గానీ వాళ్ల స్థాయికి దిగజారడానికి కాదు అని కూడా రాసింది. ఆ ఇల్లు ఎవరి నేలపై లేచిందో ఆమెకు తెలియనిది కాదు. ఒంటరితనం, కడుపుకోత ఆమెను కుంగదీశాయి, నిజమే. కానీ ఈ చిన్నచూపును వాటి ఖాతాలో వేయడం నాకు సబబుగా తోచదు. ఇవే మాటలు మొదటినుంచీ ఆమె ఉద్దేశంలో ఉన్నవే.

1843లో దాదాపు వెయ్యిమంది వలసదారులు ఆ దారిన వచ్చారు. ఏటేటా బండ్లు పెరిగాయి. 1847లో పొంగు వ్యాధి పాకింది. కయూస్‌లలో సగం దాకా చనిపోయారని అంచనా. మార్కస్ అందరికీ మందులిచ్చాడు. తెల్ల పిల్లలు చాలామంది కోలుకున్నారు, కయూస్ పిల్లలు పోయారు. రోగి చనిపోతే వైద్యుడి ప్రాణం తీసే హక్కు ఆ తెగ ఆచారంలో ఉంది. విషం పెడుతున్నారన్న పుకారు దానికి తోడైంది. నవంబరు 29న కొందరు కయూస్‌లు మిషన్‌పై దాడి చేశారు. మార్కస్‌తో సహా మొత్తం 13 మంది చనిపోయారు. వారిలో స్త్రీ నార్సిసా ఒక్కరే.

[తెరపై: 1850, ఆరెగన్ సిటీ]

ఆ వార్త తూర్పుకు చేరాక, 1848లో ఆ ప్రాంతం ఆరెగన్ టెరిటరీగా, అంటే ఇంకా రాష్ట్రం కాని అమెరికా పాలిత ప్రాంతంగా, ఏర్పడింది. కయూస్‌లపై యుద్ధం సాగింది. చివరికి అయిదుగురు కయూస్‌లను 1850 జూన్ 3న ఉరి తీశారు. వారిలో పెద్ద టిలౌకైక్ట్. తన ప్రజలను కాపాడటానికి క్రీస్తు చనిపోయాడని మీరే చెప్పారు కదా, మేమూ అందుకే చస్తున్నాం అని ఆయన అన్నాడని చెబుతారు. 1855 ఒప్పందంతో కయూస్, ఉమటిల్లా, వాలా వాలా తెగల చేతుల్లోంచి దాదాపు 64 లక్షల ఎకరాలు పోయాయి.

పురాణం అల్లింది మాత్రం వెనక బతికినవాళ్లు. ఎలైజా భర్త హెన్రీ స్పాల్డింగ్, మార్కస్ 1842లో తూర్పుకు గుర్రమెక్కి వెళ్లింది ఆరెగన్‌ను బ్రిటన్ చేతిలో పడకుండా కాపాడటానికేనని ప్రచారం చేశాడు. అసలు కారణం చాలా సాదా: మిషన్ మూసేయమని బోర్డు ఆదేశించింది, దాన్ని రద్దు చేయించుకోవడానికి వెళ్లాడు. 1900 ప్రాంతంలో చరిత్రకారులు ఆ కథ తప్పని తేల్చారు. అయినా 1953లో మార్కస్ విగ్రహం వాషింగ్టన్ నగరంలోని క్యాపిటల్ భవనానికి, అంటే అమెరికా పార్లమెంటు భవనానికి, చేరింది. కాల్పనిక వీరుడి పక్కన నార్సిసాకు దక్కింది త్యాగమూర్తి పాత్ర. వంటింటి ఉత్తరాలు రాసిన మనిషికి ఆ పాత్రలో చోటు లేదు.

[తెరపై: విట్‌మన్ కళాశాల ఆవరణ]

వాలా వాలాలో మార్కస్ పేరిట వెలిసిన కళాశాల క్రీడాజట్లను 'మిషనరీలు' అని పిలిచేవారు. 2016లో ఆ పేరు తీసేశారు. 2021లో వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభ, క్యాపిటల్‌లోని మార్కస్ విగ్రహం స్థానంలో నిస్క్వాలీ తెగవాడైన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ విగ్రహం పెట్టాలని తీర్మానించింది. ఆయన తన తెగ చేపలు పట్టే హక్కు కోసం పదేపదే అరెస్టయిన మనిషి.